భయానకము - బీభత్సము: రెండు వీడియో క్రీడల తారతమ్య విమర్శ

శృంగార వీర శాంతములలో నొకటి మహాకావ్యమున కంగిరసము కావలెనని విశ్వనాథకవిరాజు సాహిత్యదర్పణమున శాసించెను. నాటకమునకును శృంగారమో వీరమో ప్రధానమని లాక్షణికుల మతము. ఇట్లు భయానకమునకు బ్రాధాన్యము దక్కక, ఒక శ్మశానవర్ణనమునందో, యుద్ధభూమియందో, కారడవి నడుమనో యది యంగమై యొదిగియుండుట పరిపాటి యయ్యెను. దాని పుట్టుకను గూర్చి మాత్రము భరతముని యొక ముఖ్యమైన మాట చెప్పియున్నాడు. శృంగార రౌద్ర వీర బీభత్సములు నాలుగును మూలరసములనియు, వానినుండి క్రమముగా హాస్య కరుణాద్భుత భయానకములు జనించుననియు నాట్యశాస్త్ర షష్ఠాధ్యాయమున గలదు. దీనినిబట్టి భయానకము బీభత్సమునకు సంతానము. అట్లైన జుగుప్స లేనిదే భయము రసపదవి నందజాలదా యను ప్రశ్న సహజముగా బుట్టుచున్నది.

ఈ ప్రశ్నను బరీక్షించుటకు భయానకమే యంగిగా గల కృతులు వలయును. అట్టివి నేటి వీడియో క్రీడలలో నొక ప్రత్యేకశాఖగా వెలసియున్నవి. 1996లో జపానునుండి వెలువడిన రెసిడెంట్ ఈవిల్‌తో నీ శాఖకు సర్వైవల్ హారర్ అను పేరు స్థిరపడెను. చాలీచాలని సాధనములతో ఘోరస్థలమున దిరుగుచు బ్రాణములు గాపాడుకొనుట యిందలి క్రీడాకారుని పని. ఈ శాఖలో వైజ్ఞానికకల్పన నాశ్రయించిన కృతులలో రెండు మిక్కిలి ప్రసిద్ధములు. మొదటిది 2008లో వెలువడిన డెడ్ స్పేస్. దీనిని గాలిఫోర్నియాలోని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థకు జెందిన రెడ్‌వుడ్ షోర్స్ శిల్పిబృందము నిర్మించెను. ఆ బృందమే 2009లో విసరల్ గేమ్స్ అను నామమును దాల్చి 2017లో మూతపడెను. రెండవది 2014లో నింగ్లండునందలి క్రియేటివ్ అసెంబ్లీ నిర్మింపగా సెగా సంస్థ ప్రకటించిన ఏలియన్: ఐసొలేషన్. దీనికి మూలము రిడ్లీ స్కాట్ దర్శకత్వమున 1979లో వచ్చిన ఏలియన్ అను చలనచిత్రము.

ఈ రెంటికిని గల సాదృశ్యము చిన్నది కాదు. రెంటను స్థలము అంతరిక్షమున జనశూన్యప్రాయమైన యొక మహాయంత్రగృహము. రెంటను ముఖ్యపాత్ర యోధుడు గాక, చెడిన యంత్రములను జక్కబఱచు ఇంజనీరు. రెంటను ఆ పాత్రను అచటికి లాగుకొనివచ్చినది తప్పిపోయిన యొక యాత్మీయురాలి జాడ. ఇంత సామ్యమున్నను రెండు కృతుల ఫలము వేఱు వేఱుగా నున్నది. ఆ భేదమునకు గారణమును వెదకుటయే యీ విమర్శమునకు బ్రయోజనము.

డెడ్ స్పేస్ కథానాయకుడు ఐజక్ క్లార్క్. ఐజక్ అసిమోవ్, ఆర్థర్ సి. క్లార్క్ అను నిరువురు వైజ్ఞానికకథారచయితల పేళ్లను గలిపి యీ పేరు గూర్చబడినది. గ్రహములను బగులగొట్టి ఖనిజములను దీయు ఇషిమురా యను మహానౌకనుండి యాపద్వార్త రాగా, దానిని జక్కబఱచుటకు వచ్చిన చిన్నబృందమున నితడొకడు. అతని ప్రియురాలు నికోల్ ఆ నౌకలో వైద్యురాలు. నౌకలోని జనులు చచ్చి, ఆ శవములే వికృతాకృతులు దాల్చి లేచి తిరుగుచుండును. వీనికి నెక్రోమార్ఫులని పేరు. ఇవి తల తెగినంతమాత్రమున గూలవు. కాలుసేతులను ఖండింపవలెను. ఈ సూత్రము ప్రారంభముననే గోడమీద రక్తాక్షరములతో వ్రాయబడి క్రీడాకారునికి గనబడును. ఆయుధములలో బెక్కు గనిపనివారి పనిముట్లే.

ఇందు విభావసామగ్రి యంతయు బీభత్సమునకు జెందినది. శవము, రక్తము, మాంసము, తెగిన యవయవములు, గోడలపై బ్రాకిన జిగురుపొర, ఇవియన్నియు జుగుప్సకే యాలంబనోద్దీపనములు. భరతుని క్రమము ననుసరించి యిచట భయము జుగుప్సనుండి పుట్టును. కాని యది పుట్టినచోట నిలువదు. తలకు గుఱిపెట్టుట యను పాత యలవాటును విడిచి, మీదికి దూకుచున్న శత్రువు నవయవములను వివేచించి, కోతను నిలువుగా ద్రిప్పవలెనో యడ్డముగా ద్రిప్పవలెనో క్షణములో నిర్ణయింపవలసి యుండుటచే క్రీడాకారుని చిత్తమున నుత్సాహము మేల్కొనును. ఉత్సాహము వీరమునకు స్థాయి. ధనము గూడిన కొలది యాయుధములను గొనుటయు, వానికి బదును పెంచుటయు నుండుటచే గథ ముగియువేళకు ఐజక్ దాదాపు యోధుడే యగును. కావున డెడ్ స్పేస్ నందలి భయానకము బీభత్సమున జనించి వీరమున లయించుచున్నదని చెప్పదగును.

దీనిని దోషముగా నెన్నరాదు. కూర్పునం దీ కృతి మిగుల బిగువైనది. నాయకుని ప్రాణబలము తెరమూలనుండు గీతగా గాక, అతడు దొడిగిన కవచమున వెన్నెముక వెంబడి వెలుగురేఖగా గానవచ్చును. గుండ్లలెక్క యాయుధము మీదనే ప్రకాశించును. చూపఱిదృష్టి దృశ్యమును వీడి వెలుపలికి బోవలసిన పని లేదు. ప్రతీతికి సాధనములు కొఱవడుట రసవిఘ్నమని యభినవగుప్తుడు చెప్పినదానికి నివారణ మిట్లుండును. కథలో నింకొక చమత్కారము గలదు. పండ్రెండు ప్రకరణముల యాంగ్లనామములలోని ప్రథమాక్షరములను వరుసగా గూర్చినచో నికోల్ చనిపోయినదను నర్థమిచ్చు వాక్య మేర్పడును. చిత్రకవిత్వ మెఱిగినవారి కిది వింతగాదు. అయినను ఇచట నది కేవల చమత్కారముగాక పతాకాస్థానమువంటి పని చేయుచున్నది. కథారంభమున నికోల్ పంపిన సందేశమును ఐజక్ చూచుచుండును. ఆమె యాత్మహత్య చేసికొనిన చివరిభాగము తెగిపోయిన సందేశమది. పూర్తిసందేశము కడపట బయల్పడినపు డంతవఱకు నడచిన భయమంతటికిని గరుణమే యడుగున నున్నదని తెలియును.

ఇక ఏలియన్: ఐసొలేషన్. కథాకాలము 2137వ సంవత్సరము. చలనచిత్రమునందలి నోస్ట్రోమో నౌక నశించి పదునైదేండ్లు గడచినవి. ఆ నౌకలో బోయిన ఎలెన్ రిప్లీ కొమార్తె అమండా, తల్లి జాడ దెలియజేయగల యాత్రాలేఖనయంత్రము దొరకినదని విని సెవస్టపోల్ అను నంతరిక్షస్థానమునకు వచ్చును. అచట నొక ప్రాణి చరించుచుండును. చలనచిత్రమునకై హెచ్. ఆర్. గీగర్ అను స్విస్ చిత్రకారుడు కల్పించిన రూపమే దానిది. దానిని జంపుట యమండాచేత గాదు. నిప్పులు చిమ్ము సాధనముతో గొంతసేపు తఱుమవచ్చును. మాటిమాటికి బ్రయోగించినచో దాని జంకును దగ్గును. కావున దాగుట, ఆలకించుట, వేచియుండుట యివియే క్రీడ.

ఈ ప్రాణిని నడపు యంత్రబుద్ధి రెండుపాళ్లుగా విభక్తమై యున్నది. ఒకటి సూత్రధారుని వంటిది. క్రీడాకారు డెక్కడ నున్నాడో దానికి సదా యెఱుకయే. రెండవది ప్రాణియొక్క సొంతబుద్ధి. దానికి జూపు వినికిడులే యాధారము. సూత్రధారుడు ప్రాణిని క్రీడాకారుని చేరువకు బంపునేగాని సరియైన తావును జెప్పడు. భయము మితిమీఱినపుడు దానిని దూరమునకు మరల్చును. ఇందుచే నా ప్రాణి రాక నేర్చుకొని యప్పగింపదగిన పాఠము కాదు. రెండుసార్లు ఒకేవిధముగా రాదు. అమండాచేతిలోని చలనసూచిక యను పరికరము ప్రాణి యున్న దిక్కును దూరమును జెప్పునుగాని పైకప్పుగొట్టములలో నున్నదో నేలమీద నున్నదో చెప్పదు. తెలివిడి కొంత యిచ్చి కొంత దాచుటచే నా పరికరమే శంకకు నిలయమగుచున్నది. శంక భయానకమునకు వ్యభిచారి యనుట శాస్త్రసమ్మతము.

ఇచట గాళిదాసుని శాకుంతల ప్రథమాంకమును స్మరించుట యుచితము. దుష్యంతుని రథమునకు జిక్కక పాఱు లేడిని అభినవగుప్తుడు భయానకాస్వాదమునకు నిదర్శనముగా గైకొనెను. దానిని జూచు సహృదయుడు తానే భయపడుచున్నట్లు గాని, మఱియొకరెవరో భయపడుచున్నట్లు గాని తలపడు. దేశకాలముల గట్టు విడివడిన భయమొక్కటే యతని హృదయమున నిలుచును. ఈ దృష్టాంతముతో రెండు కృతులను దూచినచో భేదము స్పష్టమగును. డెడ్ స్పేస్ నందు క్రీడాకారుడు విల్లుపట్టినవాడు, వేటాడబడుచునే వేటాడును. ఐసొలేషన్ నందు కేవలము లేడి. ఆ లేడియందు జుగుప్సకు దావు లేదు. తఱుముచున్న ప్రాణియు నేవగింపు గొలుపునది గాదు. దాని పొడవైన దేహమును, నున్నని తలయు, తొట్రుపాటు లేని నడకయు వెఱపుతో గూడిన విస్మయమును గలిగించును. విస్మయ మద్భుతమునకు స్థాయి. కనుక నీ కృతియందు భయానకమునకు దోడు నిలిచినది బీభత్సము గాదు, అద్భుతము.

సహజభయము స్త్రీలకును నీచప్రకృతులకును జెందునదనియు, ఉత్తములయందది కృతకమే యనియు నాట్యశాస్త్రసంప్రదాయము. అమండా యీ నియమమున కొదుగదు. ఆమె భయము నటన గాదు. ఊపిరి వణకుట వినవచ్చును. అయినను బనిని విడువదు. చెడిన ద్వారమును జక్కబఱచుచునే చెవి వెనుకకు బెట్టును. భయపడుటయు నీచత్వమును నొకటిగావని యీ పాత్ర నిరూపించుచున్నది. ఉత్తమప్రకృతియందు సహజభయము చిత్రింపబడిన యిట్టి పాత్ర లక్షణకారుల విభజనమును మఱల విచారింపజేయును.

ఐసొలేషన్‌పై జేయదగిన యాక్షేపణము బలమైనది. డెడ్ స్పేస్‌లో నాయకుడు వెనుకనుండి చూడబడును. అతడు పాత్రగా, క్రీడాకారునికంటె వేఱుగా, కనులయెదుట నిలుచును. ఐసొలేషన్‌లో అమండా కన్నులే క్రీడాకారుని కన్నులు. ఆమె చేతులు తప్ప దేహము తఱచుగా గనబడదు. అంతియగాక క్రీడ నంతవఱకు భద్రపఱచుకొనుటకు నియతస్థానములకు బోయి కార్డును జొప్పించి కొన్ని క్షణములు నిలువవలెను. ఆ లోపల బ్రాణి వచ్చి చంపవచ్చును. అప్పుడు కలుగు వెఱపు చాలవఱకు దాను పడిన శ్రమ వ్యర్థమగునను వెఱపు. కొన్ని యంత్రములపై ధ్వనిగ్రాహకము నమర్చుకొన్నచో క్రీడాకారుని గదిలోని చప్పుడును బ్రాణి చెవిని బడును. స్వకీయ సుఖదుఃఖములకు వశుడగుట రసవిఘ్నమని యభినవగుప్తుని సిద్ధాంతము. ఈ కృతి పెక్కుచోట్ల నా విఘ్నమును దానే కొనితెచ్చుకొనుచు, రసమును విడిచి లౌకికభయమున బడుచున్నది. నిడివియు నెక్కువ. కడపట నొక ప్రాణికి బదులు పెక్కు ప్రాణులును, వాని జిగురుగూడును జూపబడును. అచట బీభత్సము ప్రవేశించినది. భయము పెరుగుటకు మాఱు తఱిగినది. ఏకాకియై చరించినంతకాలము భయంకరమైన ప్రాణి, గుంపుగా గనబడినపుడు సామాన్యమయ్యెను.

అయినను ఈ యాక్షేపణము కృతి సర్వస్వమును గొట్టివేయజాలదు. దీనికి సమాధానము అలమరలో దాగు ఘట్టమున నున్నది. ప్రాణి సమీపించినపుడు అమండా యొక యినుప అలమరలో దూరి తలుపు మూసికొనును. చీలికలలోనుండి చూచుచు, ఊపిరి బిగబట్టుట తప్ప నామెకు వేఱుపని లేదు. ఆ క్షణమున గర్తృత్వ మణగి క్రీడాకారుడు ప్రేక్షకుడగును. ఆ చీలికలే తెరయెత్తిన రంగము. ప్రాణి వచ్చును, ఆగును, తోకను జాడించి వెడలిపోవును. అప్పటి భయమునకు శ్రమనష్టచింత ప్రధానము గాదు. చూపు తిప్పుకొననీయని యొక తన్మయత యుండును. లౌకికభయము మనుజుని బాఱిపొమ్మనును. రసమైన భయము నిలిచి చూడుమనును. అలమర ఘట్టమున నీ రెండవది సిద్ధించుచున్నది. కడపట నోస్ట్రోమో లేఖనమునుండి తల్లి కంఠము వినవచ్చుటయు దీనికి దగినదే. ఐజక్ విన్నది మృతురాలి సందేశము. అమండా విన్నది తిరిగిరాని తల్లి తనకై విడిచిన పలుకు. రెండును గరుణములే. కాని మొదటిది మోసమును బయల్పెట్టును, రెండవది తోడునిచ్చును.

రెంటి బలాబలములు పైవిధమున దేలుచున్నవి. కూర్పు బిగువునను, ఔచిత్యమునను, పాత్రకును జూచువానికిని నుండవలసిన యెడమును గాపాడుటయందును డెడ్ స్పేస్ మిన్న. మోటివ్ శిల్పిబృందము 2023లో దానిని బునర్నిర్మించినను, మొదట మౌనియైన ఐజక్‌కు మాటలు గల్పించుట మున్నగు మార్పులు చేసినను, మూలమగు కూర్పును విడనాడలేదు. శుద్ధభయానకమును సాధించుటయందు మాత్రము, తన దోషములన్నిటితోడను, ఐసొలేషనే ముందు నిలుచును.

మొదట దలయెత్తిన ప్రశ్నకు నిందుమూలమున సమాధానము లభించుచున్నది. భయానకము బీభత్సమునుండి పుట్టునను భరతవాక్యమునకు డెడ్ స్పేస్ నిదర్శనము. కాని యా మునియే భయానకమునకు విభావములను జెప్పునపుడు వికృతధ్వనులను, నక్కల గుడ్లగూబల కూతలను, పాడిండ్లను, అడవులను బేర్కొనెను. వీనిలో జుగుప్స గొలుపున దేదియు లేదు. ఖాళీగృహమున బుట్టిన చప్పుడు చాలును. ఐసొలేషన్ ఆ రెండవ త్రోవను బట్టినది. కావున జన్యజనకభావమును దెలుపు భరతవాక్యమును భయానకోత్పత్తికి మార్గములలో నొకదానిని జూపునదిగా గ్రహింపవలెనేగాని, తక్కిన మార్గములను నిషేధించునదిగా గ్రహింపరాదు. శూన్యగృహవిభావమును బ్రత్యేకముగా వ్యాఖ్యానింపవలసిన యావశ్యకత యీ నూతనకృతులవలన నలంకారశాస్త్రజ్ఞులకు గలుగుచున్నది.