కరపత్రం ఏ అరలో?

జైలు, ఉరి వ్యతిరేక ఉద్యమాల కరపత్రాలను భద్రపరచడమంటే కాగితాన్ని చెదల నుంచి కాపాడ్డమొక్కటే కాదు. దాన్ని ఏ పేరు కింద పెడుతున్నామన్నదీ రాజకీయమే.

1993 మార్చి 8న చిలకలూరిపేట బస్సు దహనంలో 23 మంది చనిపోయారు. ఇద్దరు దళిత యువకులకు 1995లో ఉరిశిక్ష వేశారు. పౌరహక్కుల సంఘం, కన్నబిరాన్, బాలగోపాల్ ఆ ఉరిని వ్యతిరేకించారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. ఈ సాహిత్యాన్ని ‘పౌరహక్కులు’ అని ఒక కట్ట కడతాం. అదే గుంటూరు జిల్లాలో, 1991 ఆగస్టు 6న దళితుల్ని చంపిన చుండూరు కరపత్రాలు ‘దళిత ఉద్యమం’ అని ఇంకో కట్ట.

ఈ విభజనతోనే పేచీ. నిందితులు దళితులైతే రెండేళ్ల చిల్లరలో ఉరిశిక్ష. చచ్చింది దళితులైతే తీర్పుకి 2007 దాకా పదహారేళ్లు. 2014లో హైకోర్టు ఆ శిక్షల్నీ కొట్టేసింది. రెండు కట్టలూ పక్కపక్కన పెడితేగాని ఈ లెక్క కనపడదు. హంతకులకి శిక్ష పడాలన్నదీ మనమే, ఉరి వద్దన్నదీ మనమే. ఈ ఘర్షణని సర్దేసి దాచకూడదు, అట్లాగే చదవనివ్వాలి.

బాలగోపాల్ రాతలు ఇవాళ ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి, మంచిదే. మరి జైల్లోని మాల మాదిగల అర్జీలు, ములాఖత్‌కి తిరిగిన తల్లుల మాటలు? జైలు రిజిస్టర్లో నంబరైన మనిషి మన సూచికలోనూ ‘కేసు’గానే మిగిలితే రెండు రిజిస్టర్లకీ తేడా ఏముంది? సేకరించినదంతా హైదరాబాదు చేరితే చాలదు. మండవల్లి పేటలో పిల్ల చదువుకోడానికీ ఒక నకలుండాలి.