కోడిగుడ్డు మీద వెన్నెల

పిల్లలూ, ఒక కోడిగుడ్డు, ఒక టార్చిలైటు, ఒక తెల్ల కాగితం తెచ్చుకోండి. రాత్రిపూట గదిలో దీపాలన్నీ ఆర్పేయండి. టార్చిని మీ కంటి పక్కనే పట్టుకుని తిన్నగా వేస్తే గుడ్డు తెల్లటి బిళ్లలా ఉంటుంది. ఇప్పుడు టార్చిని మెల్లగా పక్కకు జరపండి. ఒకవైపు మెరుపు, మధ్యలో బూడిదరంగు, అటువైపు చీకటి. బిళ్ల కాస్తా గుండ్రంగా ఉబికి వస్తుంది. ఆ గుండ్రదనాన్ని పట్టి చూపించింది నీడే.

చీకటి వైపున తెల్ల కాగితం నిలబెట్టి చూడండి. దానిమీద పడ్డ వెలుగు తిరిగి గుడ్డు మీదికి వచ్చి నీడ పలచబడుతుంది. ఎర్ర కాగితం పెడితే నీడలో ఎర్రజీర కనిపిస్తుంది. నీడ అనగానే బొమ్మలో నలుపు పులిమేసే అలవాటు చాలామందికి ఉంటుంది. ఈ గుడ్డును ఒక్కసారి శ్రద్ధగా చూస్తే అది పోతుంది.

ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియో సెట్ మీదైనా, అన్నపూర్ణ స్టూడియోలోనైనా జరిగేది ఇదే. కెమెరామేన్ చెప్పిన చోట లైట్‌మేన్ పెద్ద లైటు పెడతాడు. దాన్ని కీ లైటు అంటారు, అది మీ టార్చి. ముఖం రెండోవైపు మరీ చీకటైతే తెల్లటి థర్మోకోల్ షీటు పట్టుకుంటారు, అది మీ కాగితం. వెలుగు ఎక్కువైన చోట నల్లగుడ్డ అడ్డం పెడతారు. వెనకనుంచి వేసే బ్యాక్ లైటు జుట్టు అంచున సన్నటి వెండిగీత గీసి, మనిషిని గోడనుంచి విడదీస్తుంది.

కీ లైటు కొంచెం ఎత్తులో, బాగా పక్కగా ఉంటే నీడపడ్డ చెంప మీద, కంటి కింద చిన్న ముక్కోణం వెలుగుతుంది. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ గీసిన ముఖాల్లో అది కనిపిస్తుంది గనక ఆ లైటింగుకు ఇప్పటికీ ఆయన పేరే. అదే లైటును గడ్డం కిందికి దించితే మీ అన్నయ్య కూడా దయ్యంలా ఉంటాడు. సూర్యుడు పైనుంచి వెలగడానికి అలవాటుపడ్డ కళ్లు మనవి.

ఈ విద్యకు మన పెద్దబాలశిక్ష ‘మాయాబజార్’. మన సినిమాలు మద్రాసులో తయారవుతున్న రోజుల్లో, 1957లో, కె.వి. రెడ్డి తీశారు. కెమెరా మార్కస్ బార్‌ట్లీ. అందులో పడవ పాటలోని పండువెన్నెలను జనం ఇప్పటికీ తలుచుకుంటారు. అప్పటి ఫిల్ముకు అసలు వెన్నెల ఆనదు. చంద్రుణ్ణి నమ్ముకుంటే రీలంతా చీకటే. అందుకే వెన్నెలను తయారుచేశారు. రంగుల సాయం లేదు. వెలుగు, నీడ, ఆ రెంటి నడుమ బూడిద మెట్లు, అంతే. 2010లో ఆ సినిమాకు రంగులద్దారు గానీ, నాకు మాత్రం ఆ వెన్నెల నలుపుతెలుపుల్లోనే చల్లగా తగులుతుంది.

ఇంకా వెనక్కి వెళ్తే తోలుబొమ్మలాట. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో మేకతోలును వెలుగు దూరేంత పలచన చేసి, ఇప్పటికీ బొమ్మలు చేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మ నగల దగ్గర చిన్నచిన్న చిల్లులు పొడుస్తారు. వెనక దీపం వెలిగితే ఆ చిల్లులే రవ్వలు. బొమ్మను తెరకు ఆనిస్తే గీతగీతా తేటగా ఉంటుంది. దీపం వైపు లాగితే పెరిగిపెరిగి, అంచులు చెదిరి, తెరంతా కమ్ముకుంటుంది. కెమెరా పుట్టకముందే మన పల్లెల్లో క్లోజప్పు ఉందన్నమాట!

అలాగని నీడ లేనిది బొమ్మ కాదనుకోవద్దు. చేర్యాల నకాషీ పటాలు ఎర్రటి నేపథ్యం మీద గీతతో, రంగుతోనే కథంతా చెప్పేస్తాయి. ఫోన్లు ముఖంలో నీడలన్నీ తుడిచేస్తుంటే మాత్రం నాకు బాధగా ఉంటుంది. ముక్కు పక్కన నీడ పోతే ముక్కే పోతుంది.

ఈసారి జూబ్లీహిల్స్ వైపు వస్తే, సాయంత్రం ఐదింటికి కేబీఆర్ పార్కులో ఒక బండ ముందు కూర్చోండి. పొద్దు వాలేకొద్దీ దానిమీద పగుళ్లు ఒక్కొక్కటే నల్లబడతాయి, వీపు గుండ్రమవుతుంది, నీడ మీ చెప్పులదాకా పాకి వస్తుంది. పెన్సిలు తీసి ముందు ఆ నీడను గీయండి.