పదింటిలోపు లంక

రాత్రి పది కొట్టేలోపు లంక తగలబడిపోవాలి. ఫరీదాబాద్‌లో రామ్‌లీలా వేసేవాళ్లను నవరాత్రుల్లో తరిమే గడువు ఇదే. హనుమంతుడి వేషగాడు పగలంతా బట్టల కొట్లో ఉంటాడు. రావణుడు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి రావాలి. గల్లాపెట్టె మూసి, ఇంత తిని, ముఖానికి రంగేసుకునేసరికి తొమ్మిది. మిగిలిన గంటలో అశోకవనం, అక్షకుమారుడు, తోకకు నిప్పు అన్నీ అయిపోవాలి.

నేను పద్యనాటకాల గాలి పీల్చి పెరిగినవాణ్ణి. హార్మోనియం పట్టుకుని ఉద్యోగం వెంట ఇక్కడికొచ్చాను. ఇక్కడి రామ్‌లీలా మొదటిసారి చూసినప్పుడు పరాయిదిగా తోచలేదు. ఛాతీ విరుచుకుని డైలాగు విసరడం, చివరి మాట దగ్గర గొంతు పైకి లాగి చప్పట్ల కోసం ఆగడం మనవాళ్లూ చేసేవే. మన కంపెనీ నాటకాలకీ, ఇక్కడి వేషాలకీ పార్సీ నాటకం పెద్దమ్మ వరస.

ఇక్కడి రామ్‌లీలాల కథ ఎన్‌ఐటీలో మొదలవుతుంది. ఎన్‌ఐటీ అంటే ఇక్కడ ఇంజినీరింగ్ కాలేజీ కాదు, న్యూ ఇండస్ట్రియల్ టౌన్‌షిప్. దేశ విభజనలో వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుంచి, బన్నూ, డేరా ఇస్మాయిల్ ఖాన్ వైపుల నుంచి వచ్చిన శరణార్థుల కోసం 1949లో మొదలైన ఊరు. కమలాదేవి ఛటోపాధ్యాయ నడిపిన ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ అండతో తమ ఇళ్లు తామే కట్టుకున్నారు. కమలాదేవి కూడా నాటకాల మనిషే. ఆ జనం సామాన్లతోపాటు రామ్‌లీలానీ తెచ్చుకున్నారు. విజయ్ రామ్‌లీలా కమిటీ, శ్రద్ధా రామ్‌లీలా కమిటీ లాంటివి ఆ పరంపరలోవే. శ్రద్ధా వాళ్ల రాముడు ఉర్దూ కలిసిన మాటలు పలుకుతాడు. వాటికి చప్పట్లు కొట్టే ముసలివాళ్లు ఏటా తగ్గుతున్నారు.

ఇక రూల్సు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకరుకి రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నాలుగు గోడల మధ్య తప్ప మైకు మోగకూడదు. 2010 సవరణతో వాద్యాలూ ఆ జాబితాలో చేరాయి. అంటే పది దాటాక ఢోలక్ కూడా నేరమే, ఉత్త గొంతు ఒక్కటే మిగులుతుంది. 2019లో పంజాబ్-హర్యానా హైకోర్టు పగటిపూట కూడా అనుమతి లేకుండా మైకు వద్దని గట్టిగా చెప్పింది. పండగలప్పుడు అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది గానీ, ఏడాది మొత్తానికి పదిహేను రోజులే. రామ్‌లీలాకే పది పోతే, జన్మాష్టమికీ దీపావళికీ మిగతావాటికీ కలిపి ఐదు.

దీనిమీద కస్సుమనేవాళ్లు 2005 జూలై 18 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకసారి చదవాలి. ఆ కేసు ఒక ఇంజినీరు వేసిన పిటిషన్‌తో మొదలైంది. పదమూడేళ్ల పిల్ల మీద అత్యాచారం జరుగుతుంటే, ఆ పిల్ల కేకలు మైకుల హోరులో ఎవరికీ వినబడలేదన్నది అందులోని మాట. అది చదివాక “మన సంస్కృతికి అడ్డుపడుతున్నారు” అనడానికి నాకు నోరు రాదు. చిత్రమేమంటే, అదే ఏడాది నవంబరులో యునెస్కో రామ్‌లీలాని మానవాళి వారసత్వంగా ప్రకటించింది.

మా వెనక వీధిలో ఒకావిడ ఏటా ఫిర్యాదు చేస్తుంది. కమిటీ కుర్రాళ్లకి ఆవిడంటే మంట. ఒకరోజు ఆవిడ ఇంట్లో కూర్చుని విన్నాను. మాట ఒక్కటీ తెలియడం లేదు. రాముడో రావణుడో పోల్చుకోలేం. అద్దాల బీరువాలో స్టీలు గ్లాసులు మాత్రం ఢోలక్ ఎడమ దెబ్బ పడ్డప్పుడల్లా గలగలమంటున్నాయి. డెసిబెల్ మీటరు ఆ మంద్రధ్వనిని తక్కువగా లెక్కేస్తుంది, చెవి తీరుకి తగ్గట్టు దాన్ని అలా అమర్చారు. కాబట్టి “మీటరు బాగానే చూపిస్తోంది” అన్న కుర్రాళ్లదీ అబద్ధం కాదు, ఆవిడదీ కాదు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. మైదానం అంచున ఇంకో పది దాకా ఒప్పుకుంటారు. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటేనే అరవై దాకా వెళ్తుంది.

నా కోపం పదింటి గడువు మీద కాదు, మైకు మీద. మైకు లేని రోజుల్లో మన నటులు హెచ్చు శ్రుతి పట్టింది గొప్ప కోసం కాదు, వెనక చాపల మీదున్న వాళ్లకి పద్యం చేరాలని. మాటను పళ్ల మధ్య కొరికి స్పష్టంగా విసిరేవారు. తర్వాత స్టేజీ నడుమ తాడుకి మైకు వేలాడింది. రాముడొచ్చి దాని కింద నిలబడి పలుకుతాడు, తప్పుకుంటాడు. సీత వచ్చి అక్కడే నిలబడి ఏడుస్తుంది. ఈ జాడ్యం మా వైపూ ఉంది, ఇక్కడా ఉంది. ఇప్పుడు కాలర్ మైకులొచ్చి కదలిక తిరిగొచ్చింది గానీ, వాల్యూమ్ బటన్ ఇంకెవరి చేతికో పోయింది. ఆ కుర్రాడికి తెలిసింది ఒకటే, పెంచడం.

కమిటీకి నేను చెప్పింది ఇంతే. మేడల మీదుగా అరిచే పెద్ద స్పీకర్లు రెండూ దించి, చిన్నవి నాలుగైదు జనం మధ్య తల ఎత్తులో పెట్టండి. స్టేజీ వీపు ఆ వెనక వీధి ఆవిడ ఇంటి వైపు తిప్పండి. ఢోలక్‌కి మైకు తీసెయ్యండి, దానికి అక్కర్లేదు.

సర్కారు చేయాల్సిందీ ఉంది. పెళ్లి ఊరేగింపు డీజే ఎవర్నీ అడగడు, వీధి వణికించి వెళ్లిపోతాడు. పేరూ చిరునామా ఉన్న కమిటీ అర్జీ పట్టుకుని తిరుగుతుంది, కాబట్టి దొరికేది అదే. అనుమతి కాగితం నవరాత్రులకి ముందురోజు చేతికొస్తే రిహార్సల్ దేన్ని బట్టి చేస్తారు? 2025లో ఢిల్లీ ప్రభుత్వం రామ్‌లీలాలకి అర్ధరాత్రి దాకా వెసులుబాటిచ్చింది. బదర్‌పూర్ దగ్గర ఢిల్లీ సరిహద్దు మాకు కూతవేటు దూరం. మా కుర్రాళ్లు అటు చూసి నిట్టూర్చారు. నాకైతే అర్ధరాత్రి అక్కర్లేదు, పదిన్నర చాలు. ఆ సంగతి జూన్‌లోనే చెబితే ఇంకా మంచిది.

స్పీకర్లు దించడానికి కమిటీ పెద్ద సరేనన్నాడు. స్టేజీ తిప్పడానికీ ఒప్పుకున్నాడు. ఢోలక్ ఆయన ఒక్కడే మొండికేశాడు. “రాముడి మైకు తీసేయండి మాస్టర్‌జీ, ఆయన డైలాగులు అందరికీ నోటికొచ్చు. నాదెందుకు తీస్తారు?”