ఎవరి పుట్టిల్లు?

మన భాషలో పుట్టిల్లు అనేది ఆడవాళ్ళ మాట. మగవాడికి ఉన్నది ఇల్లే. పుట్టిల్లు, అత్తిల్లు అన్న తేడా ఆడపిల్లకే. అందుకే ఇంగ్లండులో, స్ట్రాట్‌ఫర్డ్ ఊళ్ళో, హెన్లీ వీధిలో ఉన్న ఓ కొయ్య ఇంటిని లోకమంతా "షేక్‌స్పియర్ పుట్టిన ఇల్లు" అంటూ కళ్ళకద్దుకుంటుంటే, దాన్ని పుట్టిల్లు అని పిలుచుకునే అసలు హక్కు ఎవరిదా అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

ముందు ఇంటి సంగతి చెప్తాను. పదహారో శతాబ్దం నాటి కట్టడం. చట్రమంతా ఓక్ దూలాలు. ఒకదాని చివర చెక్కి, రెండోదానికి బెజ్జం తొలిచి, అందులో దూర్చి కొయ్య చీలలు దిగేశారు. పచ్చి కర్ర ఆరేకొద్దీ ఆ అతుకులు బిగుసుకుంటాయి. దూలాల మధ్య ఖాళీల్లో తడిక అల్లి మట్టి మెత్తారు. ఆ పని ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. కింద నేలకి ఆ చుట్టుపక్కల దొరికే రాయి పరిచారు. తండ్రి జాన్ చేతితొడుగులు కుట్టి అమ్మేవాడు. దుకాణమూ సంసారమూ ఒకే కప్పు కింద. 1552లో వీధిలో పెంటకుప్ప పోసినందుకు ఆయన 12 పెన్నీల జరిమానా కట్టాడు. ఆ ఊరి కాగితాల్లో ఆయన పేరు మొదట కనిపించేది అక్కడే. మహాకవి వంశచరిత్ర పెంటకుప్పతో మొదలవడం నాకు ముచ్చటగానే ఉంటుంది.

ఆ దంపతులకి ఎనిమిదిమంది పిల్లలు. విలియం 1564లో పుడితే, చెల్లెలు జోన్ 1569లో పుట్టింది. పసితనంలో పోయిన అక్క పేరే ఈ పిల్లకి పెట్టారు. అన్న లండన్ వెళ్ళి నాటకాలు రాసి, డబ్బు సంపాదించి, 1597లో ఆ ఊళ్ళోనే న్యూ ప్లేస్ అనే పెద్ద ఇల్లు కొన్నాడు. చెల్లెలు మాత్రం టోపీలు చేసే విలియం హార్ట్‌ని పెళ్ళాడి, పుట్టింట్లోనే కాపురముంది. 1601లో తండ్రి పోయాక ఇల్లు అన్నకి వచ్చింది. ఒక భాగాన్ని సత్రానికి అద్దెకిచ్చారు. 1616 ఏప్రిల్‌లో జోన్ భర్త పోయాడు. వారం తిరిగేసరికి అన్నా పోయాడు. ఎనిమిదిమందిలో ఇక మిగిలింది ఆవిడ ఒక్కతే.

షేక్‌స్పియర్ వీలునామా అనగానే, భార్యకి "రెండో మంచి మంచం" రాసిచ్చాడట కదా అని అందరూ నవ్వుతారు. పండితులు ఆ మంచం చుట్టూ తిరిగినంత సేపు అదే కాగితంలో ఉన్న చెల్లెలి వైపు చూడలేదు. జోన్‌కి 20 పౌన్లు, తన బట్టలు రాశాడు. బతికున్నంతకాలం హెన్లీ వీధి ఇంట్లో ఉండే హక్కు కూడా రాశాడు. దానికి ఏడాదికి 12 పెన్నీల అద్దె! తండ్రి పెంటకుప్పకి కట్టిన జరిమానా, కూతురు పుట్టింటికి కట్టాల్సిన అద్దె సరిగ్గా ఒకటే. నామమాత్రపు అద్దే, మంచిమనసే, కాదనను. కానీ ఇల్లు ఇవ్వలేదు, ఉండనిచ్చాడు. ఈ రెండు మాటలకీ మధ్య ఎంత దూరమో ఈ పేజీ చదివే ఆడవాళ్ళకి నేను విడమర్చనక్కర్లేదు.

ముగ్గురు మేనల్లుళ్ళకి తలా 5 పౌన్లు రాశాడు. అందులో ఒకడి పేరు దగ్గర ఖాళీ! అన్ని వందల పాత్రలకి పేర్లు పెట్టిన కలానికి సొంత చెల్లెలి కొడుకు పేరు అందలేదు. వాడి పేరు థామస్. చిత్రమేమిటంటే, ఆ ఇంటిని తరతరాలు అంటిపెట్టుకున్నది థామస్ సంతానమే. ఇంటి యాజమాన్యం కవి కూతురు సుసానాకి, ఆవిడ తరువాత మనవరాలు ఎలిజబెత్‌కి వెళ్ళింది. 1670లో పిల్లలు లేకుండా పోయిన ఎలిజబెత్ ఆ ఇంటిని థామస్ కొడుక్కి రాసిపెట్టింది. అన్న ఇవ్వనిది మనవరాలు ఇచ్చింది. జోన్ మాత్రం అప్పటికి లేదు. ముప్ఫై ఏళ్ళు వైధవ్యం గడిపి 1646లో కన్నుమూసింది. 1806లో అమ్ముకునేదాకా హార్ట్‌లు ఇల్లు వదల్లేదు.

ఆ ఇంట్లో అద్దెకున్న మేరీ హార్న్‌బీ వచ్చినవాళ్ళకి కవిగారి గది చూపించి నాలుగు డబ్బులు సంపాదించుకునేది. అభిమానులు ఆ గది గోడలనిండా సంతకాలు చేసిపోయేవారు. 1820లో ఇల్లు ఖాళీ చేయవలసి వస్తే, ఆవిడ పోతూ పోతూ సున్నం బకెట్టు తెచ్చి ఆ సంతకాలన్నిటిమీదా పూసిపోయింది! తరువాత వచ్చినవాళ్ళు ఆ సున్నం వదిలించడానికి తంటాలు పడ్డారు. చరిత్రకారులు ఆవిడని తిడతారు గానీ, ఇల్లు ఖాళీ చేయించుకున్న ఆడదాని కోపం నాకు అర్థమవుతుంది.

1847లో ఇల్లు వేలానికొస్తే చందాలు పోగుచేసి 3,000 పౌన్లకి కొన్నారు. ఇక్కడినుంచే నా పేచీ. అప్పటికి పై ముక్కోణపు గోడలు పోయి, ఒక భాగానికి ఇటుక ముఖం వచ్చి, ఒకప్పుడు కసాయి కొట్టు కూడా నడిచి, ఇల్లు నానా రూపాలెత్తింది. 1857లో, మంటలంటుకుంటాయన్న భయంతో రెండువైపులా ఆనుకున్న ఇళ్ళు పడగొట్టారు. 1769 నాటి ఒక బొమ్మని దగ్గర పెట్టుకుని 1864కల్లా పాత రూపం తెచ్చారు. హిందుస్తానీ నిఘంటువు రాసిన జాన్ షేక్‌స్పియర్ అనే ఆచార్యుడు ఈ ఉద్ధరణకి 2,500 పౌన్లు ఇచ్చాడు. ఆ విధంగా మన దేశపు భాష అన్నం పెట్టిన డబ్బు కూడా అందులో ఉంది. ఇప్పుడది మొదటి తరగతి రక్షిత కట్టడం. అనుమతి లేనిదే మార్పులు చేయడానికి వీల్లేదు.

రక్షించినందుకు సంతోషమే. ఆ పేరే లేకపోతే ఇల్లు ఎప్పుడో కట్టెలపాలయ్యేది. అయితే నవలలు రాసేదాన్ని కనుక నాకు తెలుసు, ఏం ఉంచాలో నిర్ణయించడమంటే ఏం కొట్టెయ్యాలో నిర్ణయించడమే. ఆ ఇంట ఒకడు పుట్టిన క్షణాన్ని ఉంచారు. ఒకతె బతికిన డెబ్భై ఏడేళ్ళని పక్కకి నెట్టారు. ఇంటిపక్క చేర్చిన చిన్న భాగానికి "జోన్ హార్ట్ కాటేజీ" అన్న పేరు మిగిలింది, అంతే. వర్జీనియా వుల్ఫ్ 1929లో షేక్‌స్పియర్‌కి జూడిత్ అనే ప్రతిభగల చెల్లెల్ని ఊహించి, ఆమెకి దక్కని అవకాశాల గురించి రాసింది. గొప్ప ఊహే. కానీ ఊహించక్కర్లేని చెల్లెలు ఒకతె ఉంది. కవిత్వం రాసిందో లేదో గానీ, ఇల్లు చల్లారకుండా పొయ్యి వెలిగించింది.

ఈసారి ఎవరైనా ఆ మంచం కథ చెప్పి నవ్వితే, మీరు 12 పెన్నీల అద్దె కథ చెప్పండి. దానికి ఎంతమంది నవ్వుతారో చూద్దాం.