నీటి మీద నిప్పురవ్వ

2018 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణలో ఫార్ములా వన్ పడవ పోటీలు జరిగాయి. అప్పట్లో ఆ తరగతి పడవలకు వెనక ఎక్కువగా బిగించిన మెర్క్యురీ అవుట్‌బోర్డు ఇంజిన్ రెండున్నర లీటర్లది. ఆరు సిలిండర్లు, రెండు స్ట్రోకులు, దాదాపు 400 హార్స్‌పవర్. రెండు స్ట్రోకుల ఇంజిన్‌లో ప్రతి చుట్టుకూ ప్రతి సిలిండరూ ఒకసారి మండాలి. నిమిషానికి 10,500 చుట్ల దగ్గర లెక్కేస్తే 63,000 నిప్పురవ్వలు, అంటే సెకనుకు వెయ్యికి పైనే. ఒక్కో రవ్వకు దక్కే వ్యవధి మిల్లీసెకను కూడా ఉండదు.

ఈ రవ్వను మన మెకానిక్కులు ‘కరెంట్’ అంటారు. ప్లగ్గు ఊడదీసి, ఇంజిన్ బాడీకి ఆనించి, కిక్ కొట్టి, నీలంగా మెరిస్తే ‘కరెంట్ వస్తోంది’ అని తేలుస్తారు. వేగపు పడవకు ఇగ్నిషన్ కొనేవాళ్లు కూడా ముందు అడిగేది కరెంట్ ఎంత గట్టిగా వస్తుందనే. నేనైతే ఆ రవ్వ ప్లగ్గు దగ్గర కాక ఇంకెక్కడెక్కడ పుడుతుందో ముందు అడగమంటాను. దాని సంగతి తర్వాత. మొదట పాత పద్ధతి దగ్గరికి వెళ్దాం.

బ్యాటరీ లేకపోయినా కిక్‌కు స్టార్టయ్యే పాత చేతక్ స్కూటర్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాని ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రంలో అయస్కాంతాలు, వాటి పక్కనే తీగచుట్ట. చక్రం తిరిగితే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. సరైన క్షణంలో పాయింట్లు అనే స్విచ్ విడిపోయి ఆ ప్రవాహం తెగితే, వేల వోల్టులు ప్లగ్గు మీదికి దూకుతాయి. మాగ్నెటో కిటుకు ఇదే. 1902లో జర్మనీలో రాబర్ట్ బాష్ దగ్గర పనిచేసిన గాట్‌లోబ్ హొనాల్డ్ దాన్ని అధిక వోల్టేజికి తెచ్చి స్పార్క్ ప్లగ్గుతో జతచేశాడు.

పడవ పందేల వాళ్లు మాగ్నెటోను అంతగా ప్రేమించడానికి కారణం దాని స్వభావంలోనే ఉంది. ఇంజిన్ ఎంత జోరుగా తిరిగితే రవ్వ అంత బలపడుతుంది. బ్యాటరీ మోయక్కర్లేదు, అది చచ్చిపోతుందన్న బెంగా లేదు. స్టార్టు చేసేటప్పుడు మాత్రం, చక్రం మెల్లగా తిరుగుతుంది కనుక, రవ్వ పేలవంగా ఉంటుంది. అందుకే చాలా మాగ్నెటోలకు ఒక స్ప్రింగు కీలు పెడతారు. అది అయస్కాంతాన్ని కాసేపు బిగపట్టి టక్కున వదులుతుంది. ఆ ఒక్క విసురుకే మంచి రవ్వ పుడుతుంది.

ఈ సంప్రదాయం శిఖరం చూడాలంటే అమెరికాలోని సియాటిల్‌కు వెళ్లాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మిగిలిపోయిన యుద్ధవిమానాల ఇంజిన్లను అక్కడివాళ్లు హైడ్రోప్లేన్ పడవల్లో బిగించారు. 1950 జూన్‌లో లేక్ వాషింగ్టన్ మీద స్లో-మో-షన్ 4 అనే పడవ గంటకు 160 మైళ్లు, అంటే సుమారు 258 కిలోమీటర్ల వేగం అందుకుంది. దానిలోది 28 లీటర్ల అలిసన్ వీ-12. ఒక్కో సిలిండర్‌కు రెండేసి చొప్పున 24 ప్లగ్గులు, వాటికి ఒక జంట మాగ్నెటో. ఆకాశంలో ఒక వరుస ప్లగ్గులు పోయినా రెండోది విమానాన్ని ఇంటికి చేర్చాలని చేసిన ఏర్పాటిది. దీనికి ఇంకో లాభమూ ఉంది: ఐదున్నర అంగుళాల వెడల్పున్న సిలిండర్‌లో మంట రెండు వైపుల నుంచీ అంటుకుంటే త్వరగా కలిసిపోతుంది. నాకు ఈ జంట ఏర్పాటు మీద ఎనలేని గౌరవం. ప్రాణరక్షణకని చేసిన పని వేగానికీ అక్కరకొచ్చింది.

కార్ల నుంచి వచ్చిన పద్ధతి వేరు: బ్యాటరీ, కాయిల్, పాయింట్లు. ఎనిమిది సిలిండర్ల నాలుగు స్ట్రోకుల ఇంజిన్ 6,000 చుట్లు తిరిగితే సెకనుకు 400 రవ్వలు కావాలి. ఒక్కోదానికి రెండున్నర మిల్లీసెకన్లు. అందులో పాయింట్లు మూసుకుని ఉండేది మూడింట రెండొంతులే. కుళాయి కింద పెట్టిన బిందె నిండకముందే ఎత్తేసినట్టు, కాయిల్ నిండకుండానే రవ్వ వేయాల్సి వస్తుంది. పాయింట్ల స్థానంలో ట్రాన్సిస్టర్ వచ్చాక ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. సీడీఐ (కెపాసిటర్ డిశ్చార్జ్ ఇగ్నిషన్) ఇంకో దారి పట్టింది: 400 వోల్టులకు పైగా కెపాసిటర్‌లో ముందే నింపిపెట్టి, ఒక్కసారిగా కాయిల్‌లోకి కుమ్మరిస్తుంది. వోల్టేజి ఎంత వేగంగా లేస్తుందంటే, ఆయిలు మసి పట్టిన ప్లగ్గులో సైతం కరెంట్ పక్కదారిన కారిపోయే వ్యవధి దొరకదు. రెండు స్ట్రోకుల పందెం ఇంజిన్లకు అది అందుకే నప్పింది. దాని రవ్వ ఆయుష్షు మాత్రం చాలా తక్కువ. ఆ లోటు పూడ్చడానికే కొన్ని సీడీఐలు తక్కువ వేగంలో వరుసగా నాలుగైదు రవ్వలు వేస్తాయి.

ఇక అసలు సంగతికి వద్దాం. అవుట్‌బోర్డు గాలిలో వేలాడుతుంది కాబట్టి కొంత నయం. ఇంజిన్ లోపలే ఉండే ఇన్‌బోర్డు పడవ పెద్ద గిన్నె లాంటిది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, దిగి అడుగున పేరుకుంటుంది. రవ్వను ఒక్కో ప్లగ్గుకు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతలో రోటర్ నుంచి కొసలకు దూకే ప్రతి రవ్వా ఆ ఆవిరికి పక్కింటి నిప్పే. కారు బానెట్ కింద గాలి ఆడుతుంది, ఇక్కడ ఆడదు. అమెరికా తీరరక్షక దళం నిబంధన ప్రకారం ఇలాంటి పరికరం తన చుట్టూ 4.25 నుంచి 5.25 శాతం ప్రొపేన్ ఉన్నా దాన్ని అంటించకూడదు. మెరైన్ డిస్ట్రిబ్యూటర్ గాలి రంధ్రాలకు సన్నని లోహపు జల్లెడ ఉంటుంది. లోపల మంట లేచినా, జల్లెడ దాటేలోగా వేడి పోగొట్టుకుని ఆరిపోతుంది. 1815లో హంఫ్రీ డేవీ బొగ్గుగని దీపానికి పెట్టిన జల్లెడ సూత్రమే ఇది. చవకగా దొరికిందని కారు డిస్ట్రిబ్యూటర్‌ను ఇన్‌బోర్డు పడవలో బిగించేవాళ్లను నేను క్షమించలేను.

టైమింగ్, అంటే రవ్వ ఎప్పుడు పడాలన్న విషయంలోనూ కారు లెక్క చెల్లదు. కారు సగం దూరం తేలిగ్గా దొర్లుతుంది, పడవ ఎప్పుడూ ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టే ఉంటుంది. కారులో రవ్వను ముందుకు జరిపి ఇంధనం ఆదా చేసే వాక్యూమ్ అడ్వాన్స్‌కు ఇక్కడ పెద్దగా పనిలేదు, వేగాన్ని బట్టి జరిగే మెకానికల్ అడ్వాన్స్ చాలు. రవ్వ మరీ ముందు పడితే ఇంజిన్ కొట్టుకుంటుంది, కానీ సైలెన్సర్ లేని హోరులో ఆ చప్పుడు వినపడదు. పిస్టన్ కరిగాకే తెలుస్తుంది. అలల మీద ఎగిరినప్పుడు ప్రొపెల్లర్ నీళ్లు విడిచి ఇంజిన్ ఒక్కసారిగా గింగిరాలు తిరుగుతుంది. కాబట్టి గరిష్ఠ వేగానికి కళ్లెం వేసే రెవ్ లిమిటర్ ఉండి తీరాలి.

ఆపడంలో కూడా తేడా ఉంది. బ్యాటరీ పద్ధతిలో తీగ తెగితే ఇంజిన్ ఆగిపోతుంది. మాగ్నెటోను ఆపాలంటే దాన్ని ఎర్త్ చేయాలి, ఆ తీగే తెగితే ఇంజిన్ ఇక మాట వినదు. నడిపేవాడు నీళ్లలో పడితే ఒంటికి కట్టుకున్న తాడు స్విచ్‌ను లాగినప్పుడు ఇంజిన్‌ను ఆపాల్సింది ఆ తీగే. మాగ్నెటో వాడేవాళ్లు ప్రతిసారీ బయల్దేరే ముందు దాన్ని పరీక్షిస్తే బాగుంటుంది.

నన్నడిగితే, కుటుంబంతో తిరిగే వీ-8 పడవకు 5,000 చుట్ల దాకా మెరైన్ ముద్ర ఉన్న మామూలు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ చాలు. సూపర్‌చార్జర్ పెట్టి 6,500 దాటించేవాళ్లు సీడీఐ తీసుకోవాలి. పందేనికే పుట్టిన పడవకు మాగ్నెటో నేటికీ తలదించుకోదు. ఉప్పునీళ్లలో తిరిగేదయితే డిస్ట్రిబ్యూటర్ మూతలో కొసలు అల్యూమినియంవి కాక ఇత్తడివి ఉండాలి. ఉప్పుగాలికి అల్యూమినియం తెల్లగా పూసి రాలిపోతుంది.

ఏది బిగించినా సరే, ఇన్‌బోర్డు అయితే తాళం తిప్పేముందు ఇంజిన్ గది బ్లోయర్‌ను నాలుగు నిమిషాలు ఆడించి, మూత ఎత్తి, ముక్కు పెట్టి వాసన చూడాలి.