వేట-సేకరణ సమాజాల ‘తీరిక’: శ్రమ గణనపై ఒక విమర్శ

1. ఉపోద్ఘాతం

వ్యవసాయం మానవుని శ్రమను తగ్గించి బతుకును సుస్థిరం చేసిందన్న భావన చాలాకాలం ప్రశ్నకు అతీతంగా ఉండేది. 1966లో షికాగోలో వేట-సేకరణ సమాజాలపై జరిగిన సదస్సులో మార్షల్ సాలిన్స్ దానిని తలకిందులు చేశాడు. ఆ సమాజాలే ‘తొలి సంపన్న సమాజాలు’ అనీ, కోరికలు పరిమితమైనచోట కొద్ది శ్రమే చాలుననీ వాదించాడు. ఈ వాదం నేటికీ పలుచోట్ల సిద్ధసత్యంగా పునరుక్తమవుతూనే ఉంది. దానికి ఆధారమైన గణన దేనిని పనిగా గుర్తించింది, దేనిని విడిచిపెట్టింది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. పనిగంటల లెక్క

సాలిన్స్ ప్రధానంగా రెండు ఆధారాలపై నిలబడ్డాడు. మొదటిది 1948లో ఆస్ట్రేలియాలోని ఆర్నెమ్ ల్యాండ్‌లో సేకరించిన సమాచారం. అందులోని ఫిష్ క్రీక్ బృందంలో ఉన్నది 9 మంది వయోజనులే; పోషించవలసిన పసిపిల్లలు లేరు. రెండవది నేటి బోట్స్వానాలోని దోబె ప్రాంతంలో, కుంగ్ ప్రజల మధ్య, 1964 జులై-ఆగస్టులలో రిచర్డ్ లీ 28 రోజులపాటు చేసిన పరిశీలన. దాని ప్రకారం ఆహారసేకరణకు పట్టే కాలం వారానికి సుమారు 15 గంటలు.

అయితే గింజలను పగలగొట్టడం, వంట, కట్టెలు, పనిముట్ల తయారీ ఈ లెక్కలో లేవు. 1979 నాటి గ్రంథంలో లీ స్వయంగా ఇటువంటి పనులను కలిపినప్పుడు అది పురుషులకు 44.5, స్త్రీలకు 40.1 గంటలకు చేరింది. శిశుపోషణ అప్పటికీ లెక్కకు వెలుపలే ఉండిపోయింది. కాబట్టి ఈ ఆధారాలు చూపినది ఆహారసేకరణలోని తీరికను మాత్రమే. జీవితంలోని తీరికను కాదు.

3. లెక్కకు రాని శ్రమ

దీనినిబట్టి వ్యవసాయం శ్రమను పెంచలేదని తేల్చడం కూడా తొందరపాటే. ఫిలిప్పీన్స్‌లోని ఆగ్తా ప్రజలపై 2019లో వెలువడిన అధ్యయనం ప్రకారం వ్యవసాయం వైపు మళ్ళినవారు వారానికి సుమారు 10 గంటలు అధికంగా శ్రమిస్తున్నారు. ఈ భారం ప్రధానంగా స్త్రీల సమయంపైనే పడింది. సిరియాలోని అబూ హురేరాలో లభించిన నవీన శిలాయుగపు స్త్రీల అస్థికలలో కాలివేళ్ళు, మోకాళ్ళు, వెన్ను అరిగిన గుర్తులున్నాయి. మోకాళ్ళపై కూర్చుని గంటల తరబడి ధాన్యం నూరడమే ఇందుకు కారణమని థెయా మోలెసన్ వివరించింది. అంటే సాగుతో వచ్చిన శ్రమ పొలంతో ముగియలేదు. ధాన్యం తిండిగా మారేదాకా కొనసాగింది.

మన జానపద సాహిత్య పరిశోధన దంపుళ్ళ పాటలను, తిరగలి పాటలను శ్రామిక గేయాలుగానే వర్గీకరించింది. పాటను సేకరించినవారు శ్రమగా గుర్తించిన ఈ కోవ పనికి గంటలు లెక్కించినవారి తొలి పట్టికలో చోటు దక్కకపోవడం గమనార్హం.

4. మనుగడ ప్రశ్న

పనిగంటలు తక్కువైనంత మాత్రాన ఆయుష్షు ఎక్కువని చెప్పలేం. నాన్సీ హోవెల్ అంచనాలో కుంగ్ ప్రజల జననకాల ఆయుఃప్రమాణం సుమారు 30 ఏళ్ళు. బాల్యమరణాలు దీనికి ముఖ్య కారణం. మరోవైపు, తొలి వ్యవసాయ సమాజాల అస్థికలలో రక్తహీనత, పోషకలోపాల గుర్తులు పెరిగినట్లు కోహెన్, ఆర్మెలగోస్ సంపాదకత్వంలో 1984లో వచ్చిన సంపుటి చూపింది. అయితే రోగం సోకిన వెంటనే మరణించినవారి ఎముకలపై గుర్తు మిగలదనీ, కొంతకాలం తట్టుకున్నవారి ఎముకలపైనే అది నిలుస్తుందనీ 1992లో వుడ్ బృందం హెచ్చరించింది. పైగా స్థిరనివాసంతో కాన్పుల మధ్య ఎడం తగ్గి జనాభా పెరిగింది. జనసంఖ్య వృద్ధి వేరు, వ్యక్తి క్షేమం వేరు.

5. ముగింపు

సాలిన్స్ వాదం వ్యవసాయాన్ని నిర్వివాద ప్రగతిగా చూసే దృష్టిని సడలించింది. ఆ మేలు చెరగనిది. కానీ ఎవరి గంటలు, ఏ పని, ఎన్ని రోజులు, ఎవరి మనుగడ అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానం లేకుండా చేసే ఏ తులనా నిలవదు. ఇంటిపనిని మినహాయించి కొలిచిన తీరిక సమాజమంతటి తీరిక కాజాలదు.