ముగింపు తెలిసిన జాతకాలు

జీవిత చరిత్ర ఏదైనా చేతికొస్తే నేను ముందు వెతికేది పుట్టిన తేదీ, వేళ, ఊరు. మూడూ దొరికితే పుస్తకం పక్కన పెట్టి చక్రం వేసుకుంటాను. వేళ ఇవ్వకపోతే రచయిత మీద కాస్త కోపం కూడా వస్తుంది. జ్యోతిషం తెలిసినవాళ్లకి ఇదేం కొత్త జబ్బు కాదు. బెంగళూరు వెంకట రామన్ గారు శ్రీకృష్ణుడి దగ్గర్నుంచి హిట్లర్ దాకా ప్రసిద్ధుల జాతకాలతో ఇంగ్లీషులో ఏకంగా ఒక పుస్తకమే వేశారు. ఇక ఉగాది వచ్చిందంటే టీవీ చానళ్లలో హీరోల రాశులు, నాయకుల రాజపూజ్య అవమానాలు సరేసరి. వాటి జోలికి నేను పోను. వచ్చే ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో చెప్పడం వేరే వ్యాపారం. నాకిష్టమైంది అయిపోయిన కథని గ్రహాలు పెట్టి మళ్లీ చదవడం.

పుస్తకాల్లో మనుషులతో అయితే ఈ ఆట మహా సరదాగా ఉంటుంది. గిరీశం ఏ వేళకి పుట్టాడో గురజాడ చెప్పలేదు. కాబట్టి ఆ పని మనదే. మిథున లగ్నం, లగ్నాధిపతి బుధుడు వాక్‌స్థానంలో రాహువుతో కలిసి. ఇంకో మాట అక్కర్లేదు. ఆరో ఇల్లు రుణస్థానం. అక్కడ ఎవర్ని కూర్చోబెట్టాలన్న దాని మీద వాదించుకోవచ్చు గానీ, గిరీశం జాతకంలో ఆ ఇల్లు ఖాళీగా ఉందంటే మాత్రం ఎవరూ ఒప్పుకోరు. మధురవాణి దగ్గరే చిక్కు. శుక్రుడు అనేసి చేతులు దులుపుకోవడం తేలిక. రామప్పంతుల్ని వేలిమీద ఆడించడానికి శుక్రుడు, బుధుడు చాలు. ఆఖర్న మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు గారింటికి వెళ్లిందే, దానికి చాలరు. గురుదృష్టి ఉండాలి. అది ఎక్కణ్ణుంచి పడుతోందో తేల్చుకోవడానికి ఆ అంకమంతా మళ్లీ చదివాను. నాటకం మొదట్నుంచీ ఆమె మాటల్లో ఆ దృష్టి ఉంది. తొలిసారి చదివినప్పుడు నవ్వుల్లో పడి కనిపించదు.

ఇక్కడ తప్పుపట్టేవాళ్లు లేరు. గ్రహాలూ మనవే, ఫలితాలూ మనవే. నిజంగా బతికినవాళ్ల దగ్గర అలా కుదరదు. గ్రహాలు ఉన్నచోటే ఉంటాయి.

1889 ఏప్రిల్ 16 రాత్రి ఎనిమిదింటికి లండన్‌లోని వాల్‌వర్త్‌లో పుట్టానని చార్లీ చాప్లిన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. జనన ధ్రువపత్రం మాత్రం దొరకలేదు. సరిగ్గా నాలుగు రోజులకి, ఏప్రిల్ 20 సాయంత్రం ఆరున్నరకి, ఆస్ట్రియాలోని బ్రౌనౌలో హిట్లర్ పుట్టాడు. చాప్లిన్ మాట నమ్మి రెండు చక్రాలూ పక్కపక్కన వేసి చూడండి. ఇద్దరిదీ తులా లగ్నం. ఇద్దరికీ యోగకారకుడైన శని దశమంలో, కర్కాటకంలో. ఇద్దరికీ సప్తమంలో రవి ఉచ్చ, పక్కనే స్వక్షేత్రంలో కుజుడు, వాళ్లతో లగ్నాధిపతి శుక్రుడు. గురుడు ఇద్దరికీ ధనుస్సులో కేతువుతో. పేర్లు చెరిపేసి ఇస్తే కవల పిల్లలా అని అడుగుతారు.

దశమ శని ఎత్తుకి తీసుకెళ్లి పడేస్తాడని హిట్లర్ జాతకం చూపించి చెప్పడం ఒక ఆనవాయితీ. చాప్లిన్‌కీ అదే శని. ఆయనా పడ్డాడు, 1952లో అమెరికా ఆయన్ని తిరిగి రానివ్వకుండా చేసింది. మళ్లీ 1972లో ఆస్కార్ వేదిక మీదికి పిలిచి, నిలబడి చప్పట్లు కొట్టిందీ ఆ దేశమే. ఇద్దరికీ తేడా ఎక్కడుందని వెతికితే చంద్రుడి దగ్గర, బుధుడి దగ్గర దొరుకుతుంది. హిట్లర్ చంద్రుడు ధనుస్సులో గురు కేతువులతో. చాప్లిన్ చంద్రుడు లగ్నంలో, పౌర్ణమి దాటిన మర్నాటి వెలుగుతో. ఇక బుధుడు, వాక్కుకి కారకుడు, చాప్లిన్‌కి మీనంలో నీచ. మూకీ సినిమాల చక్రవర్తికి వాక్కారకుడు నీచలో! ఇది చూడగానే ఒళ్లు పులకరించాలి. నాకూ పులకరించింది. కానీ ఇంత సులువుగా కుదిరిందంటే అనుమానించడం మంచిది. ఎందుకంటే ఆ చాప్లినే 1940లో 'ది గ్రేట్ డిక్టేటర్' తీసి, హిట్లర్ మీసంతోనే నిలబడి, చివర్న నిమిషాల తరబడి ఉపన్యాసం ఇచ్చాడు. అప్పుడేమైంది నీచ బుధుడికి? శాస్త్రంలో దానికీ దారుంది. మీనంలో ఉచ్చపొందే శుక్రుడు కేంద్రంలో ఉన్నాడు గనక నీచభంగం. మాట్లాడకపోతే నీచ, మాట్లాడితే భంగం. ముగింపు ముందే తెలిసినవాడికి ఏ జాతకమూ ఎదురుచెప్పదు.

లెక్కే ఎదురుచెప్పే జాతకం ఒకటుంది. రాముడిది. బాలకాండలో వాల్మీకి ఇచ్చింది చైత్ర శుద్ధ నవమి, పునర్వసు నక్షత్రం, కర్కాటక లగ్నం, లగ్నంలో గురుచంద్రులు, ఉచ్చలో ఐదు గ్రహాలు. ఆ ఐదూ ఏవో పేర్లు లేవు. సంప్రదాయం రవి, కుజ, గురు, శుక్ర, శనులని తేల్చింది. మేషంలో రవి దశమంలో పడతాడు. అందుకే మిట్టమధ్యాహ్నం జననం, అందుకే భద్రాచలంలో అభిజిత్ లగ్నంలో కల్యాణం. సప్తమంలో ఉచ్చ కుజుణ్ణి చూపించి సీతా వియోగం చెబుతారు. అంతా కుదిరింది.

ఇప్పుడు పెన్సిలు పట్టుకోండి. నవమి అంటే చంద్రుడు రవి కంటే కనీసం 96 డిగ్రీలు ముందుండాలి. పునర్వసు అయిపోయేది కర్కాటకంలో 3 డిగ్రీల 20 కళల దగ్గర, అంటే మేషాది నుంచి 93 డిగ్రీల 20 కళలు. రవి మేషంలో మొట్టమొదటి కళలో ఉన్నాడనుకున్నా చంద్రుడికీ అతనికీ దూరం 93 దాటి ముచ్చటగా మూడోవంతు డిగ్రీ. అది అష్టమి. నవమి కావాలంటే రవి మీనంలోకి వెనక్కి జరగాలి.

మా బాబాయ్ పంచాంగ గణితం బాగా ఎరిగినవాడు. ఈ లెక్క ఆయన ముందు పెట్టాను. కళ్లజోడు సర్దుకుని కూడికలన్నీ మళ్లీ చేశాడు. సరిపోయాయి.

"సరే, రవిని మీనంలోకి తోశావు. ఉచ్చలు నాలుగే మిగిలాయి. ఐదోవాణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తావురా?"

"బుధుడు?"

"కన్యలోనా? రవికి అంత దూరం ఎలా వెళ్తాడు? చంద్రుడా, లగ్నంలో ఉన్నాడు, స్వక్షేత్రం, ఉచ్చ కాదు."

"పోనీ, రాహువు?"

"రాహువుని కలుపుకుని రాముణ్ణి పుట్టిస్తావా!" అని కాగితం నా వైపు తోసేశాడు.